ఎడమచేతి స్క్రీన్

నా నోరు మంచిది కాదని కరీంనగర్‌లో నన్నెరిగిన వాళ్లంతా ఒప్పుకుంటారు. నేనూ ఒప్పుకుంటాను. మల్లేష్ పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు కానీ, శవం పక్కన కూర్చుని ఒక కంట ఏడుస్తూ ఒక కంట ఫోన్ చూసుకుంటున్న ఒకామెను మాత్రం వదల్లేదు. "చూస్తె ఫోనన్న చూడు, లేకుంటె ఏడ్వనన్న ఏడువు. రెండు పనులు ఒక్కపారె ఎందుకమ్మా?" అన్నాను. అప్పటినుంచి నాకు రాయి అని పేరు పడింది. పడనీ. ఊరి నోటికి మూకుడు ఎక్కడ తేగలం?

మా అత్త కిష్టవ్వ ఒక్కతే నన్ను ఏమీ అనలేదు. నా పక్కన కూర్చుని, "ఏడువు బిడ్డా, లోపట పెట్టుకుంటె పురుగైతది" అని మెల్లగా చెప్పింది. నేను ప్రయత్నించాను. నిజంగానే ప్రయత్నించాను. లోపల వెతుక్కుంటే ఏమీ దొరకలేదు. పన్ను పీకించుకున్నాక చెంప ఎట్లా ఉంటుందో అట్లా ఉంది ఒళ్లంతా.

మల్లేష్ శ్యాంసుందర్ సార్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. టవర్ సర్కిల్ వెనక గల్లీలో రెండో అంతస్తు. ఇళ్ల ప్లాన్లు గీసి పర్మిషన్‌కు పంపుతారు. ఒక రోజు టీ తాగడానికి కిందికి దిగాడు. హోటల్ బల్ల మీద కూర్చుని ఛాతీ పట్టుకున్నాడట. మళ్లీ మెట్లు ఎక్కలేదు.

శ్యాంసుందర్ సార్‌ది మందమర్రి. తండ్రి బొగ్గు బాయిలో పనిచేసిన మనిషి. అక్కడ మనిషి పోతే ఆ ఇంట్లోవాళ్లకే నౌకరి ఇస్తారు. సార్‌కు అదే న్యాయం తెలుసు. దినాలు కాగానే వచ్చి, "నా ఆఫీసు బాయి కాదుగని మమతా, కుర్చీ అయితే నీదే" అన్నాడు. నేనూ మల్లేషూ ఐటీఐలో ఒకే బ్యాచ్. పెళ్లికి ముందు ఒక గ్రానైట్ యార్డులో రాళ్ల కొలతల డ్రాయింగులు చేశాను కూడా. పిల్లలు లేరు మాకు. ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడే కంటే ఇది నయం అనుకుని ఒప్పుకున్నాను.

అప్పటికే ఇంట్లో మల్లేష్ వస్తువు అన్నది మిగల్లేదు. మావాళ్లలో పోయినవాళ్ల వస్తువులు ఇంట్లో ఉంచరు. బట్టలు చాకలికిచ్చారు, పరుపు ఊరి బయట పడేశారు, చెప్పులు ఎవరు తీసుకుపోయారో తెలియదు. గడ్డం గీసుకునే సామానూ, హెల్మెటూ అన్నీ పోయాయి. ఫోన్ మాత్రం నస్పూర్‌లో ఉండే మల్లేష్ అన్న, మా బావ రాంచందర్ తీసుకున్నాడు, సిమ్ కార్డుతో సహా. గ్యాసూ బ్యాంకూ అన్నీ ఆ నంబరుకే ఉన్నాయని సిమ్ మార్చలేదు. ఓటీపీ వస్తే బావ నాకు మెసేజ్ పెడతాడు. నేను మాత్రం ఆయనకు ఫోన్ చేయను. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే గొంతు. ఏదన్నా చెప్పాలంటే అక్కడే ఉండే అత్త ఫోన్‌కు చేస్తాను.

ఆఫీసులో ఆ కుర్చీలో మొదటి రోజు కూర్చుని సిస్టం ఆన్ చేశాను. డ్రాయింగు సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. చూసి నాకు ఒళ్లు మండింది.

మల్లేష్ ఎడమచేతి మనిషి. అన్నం కుడిచేత్తో తినేవాడు, అది వాళ్లమ్మ కొట్టి నేర్పింది. ప్రసాదం పట్టినా, డబ్బులిచ్చినా కుడిచెయ్యే. నలుగురిలో ఎడమచేతిని జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఒక్క మౌస్ దగ్గర మాత్రం ఆయనను ఆపిన మనిషి లేడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక సౌకర్యం ఉంది. గీతల పనిముట్లను స్క్రీన్ మీద మనకు అనువైన చోట సర్దుకుని, ఆ సర్దుకున్నదానికి ఒక పేరు పెట్టి దాచుకోవచ్చు. దాన్నే వర్క్‌స్పేస్ అంటారు. మళ్లీ తెరిచినప్పుడు పొయ్యి దగ్గర పోపుడబ్బా లాగా దేని చోట అది ఉంటుంది. మల్లేష్ అన్నీ తన ఎడమచేతి ప్రకారం పెట్టుకుని "మల్లేష్" అని దాచాడు.

ఆజ్ఞలు టైపు చేసే కమాండ్ పట్టీ అందరికీ కింద ఉంటుంది, ఆయనకు నెత్తి మీద. అందరికీ పైన ఉండే గీతల బటన్లు ఆయనకు ఎడమ అంచున నిలువుగా. గోడలు, తలుపులు, కొలతలు వేటికవి వేరు పొరల్లో గీయడానికి వాడే లేయర్ల పట్టిక ఎక్కడో అట్టడుగున. తలుపులు, కిటికీలు, మంచాలు, తులసి గద్దె, బోరు లాంటి తయారు బొమ్మలన్నీ ఒక డబ్బాలో పెట్టి ఎడమ పక్కనే వేలాడదీశాడు. నల్లగా ఉండాల్సిన వెనకరంగు బడి బోర్డులాగా ముదురాకుపచ్చ. కుడివైపు మూలకు కొలతలు వేసే బటన్లు, వాటి కింద గొడుగు బొమ్మతో ఒక చిన్న బటన్. అది సాఫ్ట్‌వేర్‌తో వచ్చేది కాదు, ఆయన సొంతంగా చేసుకున్నది. ఆ బొమ్మ కూడా తనే గీసినట్టున్నాడు, గొడుగు కర్ర వంకరగా ఉంది.

మౌస్‌ను కుడివైపుకు మార్చుకున్నాను. మిగతాది ముట్టలేదు. ముట్టకూడదని ఒట్టేమీ పెట్టుకోలేదు. ఇవ్వాళ కాదు రేపు మారుద్దాం అనుకుంటూనే రోజులు గడిచాయి. కుడిచేత్తో మౌస్ పట్టుకుని ప్రతిదానికీ స్క్రీన్‌కు ఆ చివరన ఉన్న ఎడమ అంచు దాకా పోవడం అంటే, వంటింట్లో పొయ్యి ఉండి ఉప్పు వాకిట్లో ఉన్నట్టు. సాయంత్రానికి మణికట్టు లాగేది. అప్పుడు తిట్టేదాన్ని. "ఏందయ్యా గిది! లేయర్లు గింత కింద పెడితె ఎవ్వడు వంగి తీస్కోవాలె? నీ అయ్యనా?" అని స్క్రీన్‌నే అడిగేదాన్ని. సంసారంలో ఆయన నా తిట్లకు ఎట్లా పలకలేదో ఇప్పుడూ అట్లాగే పలికేవాడు కాదు. దాంతో నాకు పెద్ద తేడా తెలిసేది కాదు.

నా పక్క సిస్టం అవేజ్‌ది. ముప్పై ఏళ్లుంటాయి, ఇద్దరు పిల్లల తండ్రి, మల్లేష్ దగ్గరే పని నేర్చుకున్నవాడు. మల్లేష్‌ను అన్నా అని, నన్ను వదినె అని పిలుస్తాడు. నేను మణికట్టు పిసుక్కోవడం చూసి చాలాసార్లు అడిగాడు.

"వదినె, జర లేస్తె మీకు సీదాగ సెట్ జేసిస్త. రెండు నిమిషాల పని."

"నీ పని నువ్ చూస్కో అవేజ్."

"గట్ల కాదు వదినె, చెయ్యి నొస్తున్నది గద. నాకేం తకలీఫ్ లేదు."

"నాకు లేదా తకలీఫ్? నీ పని నువ్ చూస్కోమన్న గద!"

అంతకు మించి చెప్పలేదు. ఏమని చెప్పాలి? మా ఆయన బట్టలు చాకలికిచ్చిన్రు, స్క్రీన్ ఇయ్యడం మరిచిపోయిన్రు, గందుకే ముట్టద్దు అని చెప్పాలా? నాకే అంత సాఫుగా తెలియదు ఆ మాట. అవేజ్ మాత్రం నేను మొహమాటపడుతున్నానని అనుకున్నాడు. నన్ను చూసి మొహమాటం అనుకున్న మనిషి ఈ జిల్లాలో వాడొక్కడే ఉంటాడు.

దసరా వచ్చింది. మా ఇంట్లో ఏడాది దాకా పండుగ లేదు. సద్దుల బతుకమ్మ రోజు ఆఫీసులో ఆడవాళ్లందరినీ మధ్యాహ్నమే పంపించారు. నేనూ లేచి కోతిరాంపూర్‌లోని నా గదికి వెళ్లాను. గల్లీలో బతుకమ్మలు పేరుస్తున్నారు. నన్ను ఎవరూ రమ్మనలేదు, నేనూ తలుపు తీయలేదు. పాటలు వినిపించాయి. అన్నం వండుకుని తిన్నాను.

తెల్లారి ఆఫీసులో ఆయుధపూజ. కొడవలికీ గొడ్డలికీ చేసినట్టే మా దగ్గర కంప్యూటర్లకూ ప్రింటరుకూ చేస్తారు. ముందు రోజు అన్నీ తుడిచి, పూజ రోజు పసుపుకుంకుమ పెట్టి, బంతిపూలు వేసి, మళ్లీ పండుగ దాటేదాకా ముట్టరు. ప్రతి ఏడూ బంతిపూలు తెచ్చేది అవేజే. పూజ దగ్గర నిలబడి కొబ్బరిముక్క మొదట అందుకునేదీ వాడే. నేను ఆ రోజు వెళ్లలేదు. పూజలో నాకేం పని?

పగలు భోజనం వేళ దాటాక శ్యాంసుందర్ సార్ ఫోన్ చేశాడు.

"మమతా, రాజయ్య వచ్చి కూసున్నడు. గా దుబాయి రాజయ్య, మన దగ్గర ఇంటి ప్లాన్ గీయించుకున్నడు గద. రేపు దసరకు పునాదికి ముగ్గు పోసుకుంటడట. ఇప్పుడొచ్చి మెట్లు మార్చుమంటుండు. వాళ్ల వాస్తు అయ్యగారు మెట్లు ఈశాన్యంల ఉండద్దన్నడట."

"నిన్నటిదాక ఏం జేసిండు సార్ అయ్యగారు? నిద్రవోయిండా?"

"గదే నేనూ అడిగిన. ఇగ ఏం జేస్తం? జర రావాలె నువ్వు."

"అవేజ్ ఉంటడు గద."

"పూజ చేసినయి గదమ్మా సిస్టంలు. నేను ముట్టద్దు, ఆఫీసోళ్లు ముట్టద్దు. నీకైతే గీ యేడు పండుగ లేదు గద. నువ్వు ముడితె ఏం గాదు."

ఆ మాట అనగానే సార్ ఆటో పైసలు తనే ఇస్తానన్నాడు. అనకూడనిది అన్నానని తెలిసినట్టుంది. నాకేమీ అనిపించలేదు. నిజమే కదా అనుకున్నాను. పండుగ లేని మనిషి చేతికి పట్టింపు ఉండదు, అడ్డు ఉండదు. ఆటో ఎక్కి వెళ్లాను.

ఆఫీసంతా అగరొత్తుల వాసన. మానిటర్ల మీద బంతిపూల దండలు, ప్రతి కీబోర్డు పక్కనా కోసిన నిమ్మకాయ. రాజయ్య కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. సార్ ఆయనను తన గదిలోకి తీసుకుపోయాడు. అవేజ్ మాత్రం నా కుర్చీ పక్కన నిలబడి, పిల్లలకు బొమ్మ తెచ్చిన తండ్రిలాగా నవ్వుతున్నాడు. నా మానిటర్ దండ తీసి పక్కన పెట్టి సిస్టం ఆన్ చేశాను. ఎప్పటి కంటే తొందరగా తెరుచుకుంది. సాఫ్ట్‌వేర్ నొక్కాను.

నల్లగా వచ్చింది.

వెనకరంగు నలుపు. బటన్లన్నీ పైన బారుగా. కమాండ్ పట్టీ కింద. ఎడమ అంచు ఖాళీ. కుడి మూల ఖాళీ. కొత్తగా కొన్న సిస్టం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"అవేజ్, ఏమైందిది?"

"నేనే చేసిన వదినె! నిన్న మీరు పోయినంక ఫార్మాట్ కొట్టిన. పండుగకు అందరి సిస్టంలు దుమ్ము దులిపిన్రు. నేననుకున్న, మీది లోపట గూడ సాఫ్ జేద్దామని. మస్తు స్లో ఉండె గద! ఫికర్ జెయ్యకున్రి, డ్రాయింగులు అన్ని ముందుగాలనే వేరే డ్రైవ్‌ల ఏసిన. ఒక్క ఫైల్ పోలే. ఇగ స్క్రీన్ గూడ సీదా అయింది, మీ చెయ్యి నొయ్యది."

వాడి మొహం చూశాను. తిట్టడానికి నోరు తెరిచాను. వచ్చింది మాత్రం తిట్టు కాదు.

"మల్లేష్ సెట్టింగు?" అన్నాను.

"ఏ సెట్టింగు?"

"వర్క్‌స్పేస్."

నవ్వు ఆగిపోయింది వాడికి. కింద కుడి మూలన పళ్లచక్రం గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే దాచుకున్న పేర్లు వస్తాయి. పూజ సంగతి మరిచి వాడే వంగి నొక్కాడు. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే పేర్లున్నాయి. మల్లేష్ లేడు.

"అది సీ డ్రైవ్‌ల ఉంటది వదినె, ఫార్మాట్ కొట్టింది గదే," అన్నాడు మెల్లగా. "డ్రాయింగులే చూసిన నేను. గది యాదికి రాలే. ముందుగాల పెన్ డ్రైవ్‌ల ఏస్కుంటె ఉండు. ఇగ రాదు. యా అల్లా... వదినె, నాకు తెల్వది వదినె."

"సరే పో. రాజయ్య మెట్లు చూడాలె," అన్నాను.

రాజయ్య ప్లాన్ తెరిచాను. ఈశాన్యం మెట్లు చెరిపి నైరుతిలో గీయాలి. గీత గీద్దామని మౌస్ కదిలించాను. బాణం గుర్తు తనంతట తనే ఎడమ అంచుకు పోయి ఆగింది. అక్కడేమీ లేదు. వెనక్కి తెచ్చి పైన వెతికి గీత తీసుకున్నాను. కాసేపటికి మళ్లీ ఎడమకే పోయింది. కమాండ్ కోసం కళ్లు నెత్తి మీదికి పోతున్నాయి. లేయరు కోసం చెయ్యి అడుగుకు జారుతోంది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అన్నట్టు, అన్ని పనిముట్లూ కళ్లముందే ఉన్నాయి, ఒక్కటీ చేతికి రాదు. ఇన్నాళ్లూ తిట్టుకుంటూ తిట్టుకుంటూ నా కుడిచెయ్యి ఆయన ఎడమచెయ్యి నేర్చుకుంది. నాకే తెలియదు.

మెట్లు అయ్యాయి. ప్రింటు తీసి ఇచ్చాను. రాజయ్య "పండుగ పూట మంచిగ చేసిచ్చినవ్ చెల్లె, సల్లగుండు" అని, జేబులోంచి గుడి కుంకుమ పొట్లం తీయబోయి, నా నుదురు చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. సార్ తాళాలు నా బల్ల మీద పెట్టి, ఆయనతో పాటే ఇంటికి వెళ్లిపోయాడు.

నేను లేవలేదు. అవేజ్ కూడా పోలేదు.

"ఇంటికి పో అవేజ్. పిల్లలు చూస్తుంటరు."

"మీరేం జేస్తరు?"

"మల్లా పెడ్త."

కమాండ్ పట్టీని పట్టుకుని నెత్తి మీదికి లాగాను. గీతల బటన్లను ఎడమ అంచుకు తెచ్చి నిలువుగా నిలబెట్టాను. ముందు గీత, దాని కింద గుండ్రం, దాని కింద చెరిపేది. కళ్లతో గుర్తు చేసుకుంటే తప్పులొస్తున్నాయి. అందుకని పాత ప్లాన్ ఒకటి తెరిచి, ఉత్తుత్తిగా గీస్తూ పోయాను. చెయ్యి ఎక్కడికి పోయి ఆగితే అక్కడ ఆ పనిముట్టు పెట్టాను. లేయర్లు అడుగుకు పోయాయి. తలుపులు, మంచాలు, తులసి గద్దె, బోరు బొమ్మలు ఏ పాత డ్రాయింగులో ఉన్నాయో అవేజ్ చెప్పాడు, నేను ఏరి డబ్బాలో వేసి ఎడమ పక్కన వేలాడదీశాను. వెనకరంగు దగ్గర ఇద్దరం వాదులాడుకున్నాం. వాడు ఆకుపచ్చ అంటాడు, నేను ఇంకా ముదురు అంటాను. చివరికి కుదిరింది. అంతా అయ్యాక చూస్తే మల్లేష్ స్క్రీన్ మల్లేష్ స్క్రీన్‌లాగే ఉంది. నాకు తృప్తిగా కూడా అనిపించింది. పెద్ద పని గెలిచినట్టు.

కుడి మూల మిగిలింది. కొలతల బటన్లు పెట్టాను. వాటి కింద గొడుగు.

"అవేజ్, గా గొడుగు బొమ్మది ఏంది?"

"అది అన్న సొంతంగ చేస్కున్నది వదినె. నొక్కితె ఏమైతదో నాకు తెల్వది. నేను గూడ అడగాలె అడగాలె అనుకున్న."

"నీకు జెప్పలేదా?"

"లేదు. మీరు నొక్కి చూడలేదా?"

నొక్కలేదు. ఇన్ని నెలలు దాని ముందే కూర్చున్నాను. నాకు అక్కర పడలేదు, ఎప్పుడో చూద్దాంలే అనుకున్నాను. బొమ్మ గుర్తుంది, వంకర కర్ర గుర్తుంది, చోటు గుర్తుంది. అది చేసే పని తెలియకుండా బటన్ తయారు చేయడం కుదరదు.

"టీ తెస్త వదినె," అని అవేజ్ కిందికి దిగాడు.

నేను ఆ ఖాళీ చోటు వైపు చూస్తూ కూర్చున్నాను. చిరాకు వచ్చింది. ఇంత చేసి ఒక్కదాని దగ్గర ఆగడం నాకు నచ్చదు. గొడుగు అంటే సజ్జనా? వాన చూరా? ఏం మనిషివయ్యా, పేరన్నా రాసి పెట్టొద్దా అనుకుంటూ ఫోన్ తీశాను. వేళ్లకు గుర్తున్న నంబరు నొక్కాను. రెండు సార్లు మోగింది.

"హలో," అన్నాడు.

"ఏందయ్యా, గా కుడి మూలకు గొడుగు బొమ్మ పెట్టినవ్ గద," అన్నాను గబగబా. "కొలతల కింద. గది నొక్కితె ఏమైతది? నాకు సమజైతలేదు, జెప్పు జల్ది. సాఫ్‌గ పోయింది, మల్లా పెడ్తున్న."

అవతల టీవీ మోగుతోంది. ఎవరో దాన్ని ఆపేశారు.

"మమతా," అన్నాడు ఆ గొంతుతోనే. "నేను బిడ్డా. రాంచందర్ బావను."

ఫోన్ నా చెవి దగ్గరే ఉంది. నేను దాన్ని తీయలేదు. ఆ మూలన ఆకుపచ్చ రంగు తప్ప ఏమీ లేదు. అడగాలంటే మనిషి లేడు. ఆ ముక్క ఊరంతా చెప్పింది, డాక్టరు చెప్పాడు, నేనే పదిమందికి చెప్పాను. ఇప్పుడు తెలిసింది. మల్లేష్ చచ్చిపోయాడు.

నా నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. మొదట అది నాదని అనుకోలేదు. తర్వాత ఆపడం నా వశం కాలేదు. కీబోర్డు మీద తల పెట్టి ఏడ్చాను. పూజలో పెట్టిన కుంకుమ నా చెంపకు అంటింది, నిమ్మకాయ దొర్లి కింద పడింది. అవేజ్ రెండు టీలు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏడువు బిడ్డా," అన్నాడు బావ ఒకసారి. ఫోన్ పెట్టేయలేదు.